మన దుకాణం గురించి నలుగురూ ఏమనుకుంటున్నారు?

నా దగ్గర పదో తరగతి చదివిన అబ్బాయి ఒకడు ఇప్పుడు మన తొర్రూరులోనే చిన్న బిర్యానీ హోటల్ నడుపుతున్నాడు. నిరుడు ఒక రోజు రాత్రి తొమ్మిది దాటాక మా ఇంటికి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. గూగుల్ మ్యాప్‌లో అతని హోటల్ పేరు కింద ఎవరో ఒక్క స్టార్ ఇచ్చి, మాంసం నిల్వదనీ ఎవరూ వెళ్ళొద్దనీ రాశారు.

"సార్, ఇది రాసి మూడు నెలలైంది. నేను ఇయ్యాల చూసిన. గిరాకీ ఎందుకు తగ్గిందో తెల్వక మూడు నెలల సంది తండ్లాడుతున్న. ఇది పక్క హోటలోళ్ళ పనే. నేను గూడ మా దోస్తులతోని వాళ్ళ మీద పది రాయిస్త" అన్నాడు.

"ముందు కూర్చో. చాయ్ తాగుదాం. ఆ తర్వాత నీ హోటల్ మీద ఎవరెవరు ఏం రాశారో మొత్తం చదువుదాం. ఒక్కటి చదివి పరీక్ష పేపరుకు మార్కులు వేస్తామా?" అన్నాను.

ఇద్దరం కలిసి మొత్తం 41 అభిప్రాయాలు చదివాం. నాకున్న అలవాటు కొద్దీ నోటుబుక్కులో గీతలు గీసి లెక్క రాశాను. 22 మంది బాగుందన్నారు. 9 మంది పార్శిల్ ఇంటికి తీసుకెళ్ళేసరికి సాలన్ కవరు కారిపోయి అన్నమంతా తడిసిందన్నారు. 5 మంది ఫోన్ చేస్తే ఎత్తడం లేదన్నారు. నలుగురు శుక్రవారం హోటల్ ఎప్పుడు తెరుస్తారో తెలియక వచ్చి వెనక్కి వెళ్ళామన్నారు. మాంసం నిల్వదన్నది ఒకే ఒక్కరు.

అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఒక్క మాట వెనక పరుగెత్తబోయి, పద్దెనిమిది మంది చెప్పిన నిజాలు చూడనేలేదని అతనికే అర్థమైంది. వాళ్ళంతా హోటల్ బాగుపడాలని రాసినవాళ్ళే. ఇక రావొద్దనుకున్నవాడు సాధారణంగా ఏమీ రాయడు. మౌనంగా వేరే చోటికి వెళ్ళిపోతాడు.

ఈ సంఘటన తర్వాతే ఈ వ్యాసం రాయాలనిపించింది. ఈ సంచిక చదివే దాతల్లో చాలామంది వ్యాపారస్తులు. బట్టల దుకాణం, చికెన్ సెంటర్, ఫంక్షన్ హాలు, టెంట్ హౌస్, మెకానిక్ షెడ్డు, పండ్ల వ్యాపారం, ఇలా ఎవరికి చేతనైనది వారు చేసుకుంటున్నారు. మీ గల్లాపెట్టె నిండితేనే మీ ఇంటితో పాటు మరో నాలుగు ఇళ్ళల్లో పిల్లల చదువు సాగుతుంది. కాబట్టి మీ వ్యాపారం గురించి, మీతో పోటీపడే వ్యాపారాల గురించి ఫోన్లలో నడుస్తున్న మాటలను క్రమం తప్పకుండా ఎలా వినాలో, విన్నదాన్ని ఏం చేయాలో నాకు తెలిసినంతలో వివరిస్తాను.

మాట ఎక్కడ నడుస్తోంది?

పూర్వం ఒక దుకాణం మంచిచెడ్డలు చాయ్ హోటల్‌లోనో, బస్టాండులోనో, అంగడిలోనో తేలేవి. ఆ మాట సాయంత్రానికల్లా ఎవరో ఒకరు మన చెవిన వేసేవారు. ఇప్పుడు అదే మాట ఫోన్లలో నడుస్తోంది. మన దుకాణం ముందు నిలబడే మన గురించి రాసి వెళ్ళిపోతారు. మనకు మాత్రం తెలియదు.

ఈ మాటలు నడిచే చోట్లు ముఖ్యంగా నాలుగు. మొదటిది గూగుల్ మ్యాప్. మీరు పెట్టకపోయినా మీ దుకాణం పేరు అందులో ఎవరో ఒకరు చేర్చి ఉండవచ్చు. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్ళే ప్రయాణికుడు మన ఊళ్ళో భోజనానికి ఆగాలంటే ముందు చూసేది అదే. రెండవది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్. ఊరి పేరుతో నడిచే పేజీలు, తిండి వీడియోలు తీసే కుర్రవాళ్ళు ఇక్కడ ఉంటారు. మూడవది వస్తువులు అమ్మిపెట్టే, భోజనం చేరవేసే యాప్‌లు. నాలుగవది, అన్నిటికన్నా బలమైనది వాట్సాప్. ఊరి గ్రూపు, కులసంఘం గ్రూపు, బడి పూర్వవిద్యార్థుల గ్రూపు, స్థానిక వార్తల గ్రూపు, ఇలా ఒక్కొక్కరి ఫోన్‌లో పది గ్రూపులకు తక్కువ ఉండవు.

పెద్ద కంపెనీలు ఈ మాటలన్నిటినీ ఏరడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు కొని, జీతాలిచ్చి మనుషులను పెట్టుకుంటాయి. దాన్నే వాళ్ళు సోషల్ లిజనింగ్ అంటారు. మన స్థాయికి అంత అక్కర్లేదు. ఖర్చు లేకుండా, వారానికి ఒక అరగంట కేటాయిస్తే సరిపోతుంది.

వినడానికి ఉచిత సాధనాలు

మొదట చేయవలసిన పని గూగుల్‌లో మీ దుకాణాన్ని మీ పేరు మీదికి తెచ్చుకోవడం. దీన్ని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు. 2021 నవంబరు వరకు దీని పేరు గూగుల్ మై బిజినెస్. మీ జీమెయిల్‌తో లాగిన్ అయి, ఇది నా దుకాణమేనని దరఖాస్తు చేస్తే, ఫోన్ ద్వారానో వీడియో ద్వారానో నిర్ధారించుకుని అప్పగిస్తారు. దీనికి రుసుము లేదు. డబ్బు కడితే చేసిపెడతామని ఫోన్ చేసేవారిని నమ్మకండి. ప్రొఫైల్ మీ చేతికి వచ్చాక ఎవరు అభిప్రాయం రాసినా మీకు సమాచారం వస్తుంది, మీరు దాని కిందే జవాబు రాయవచ్చు, తెరిచే వేళలు మార్చవచ్చు. మా అబ్బాయి హోటల్ విషయంలో శుక్రవారం వేళలు సరిచేయడానికి పట్టిన సమయం రెండు నిమిషాలు.

రెండవది గూగుల్ అలర్ట్స్. ఇది 2003 నుంచీ ఉంది. మీ దుకాణం పేరు అందులో ఒకసారి నమోదు చేస్తే, ఆ పేరు ఏ వార్తలోనైనా, వెబ్ పేజీలోనైనా కొత్తగా కనిపించినప్పుడు మీకు మెయిల్ పంపుతుంది. అయితే అందరికీ తెరిచి ఉన్న పేజీలు మాత్రమే దాని కంటబడతాయి. వాట్సాప్ గ్రూపుల్లోకి, ప్రైవేటు పేజీల్లోకి దానికి ప్రవేశం లేదు.

మూడవది చేత్తో వెతకడం. ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ తెరిచి మీ దుకాణం పేరు, పక్కన ఊరి పేరు టైపు చేసి చూడాలి. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. మన ఊరి పేరును ఇంగ్లీషులో ఒకరు 'టి' తర్వాత 'హెచ్' పెట్టి రాస్తారు, ఇంకొకరు పెట్టరు. ఒకరు రెండు 'ఆర్'లు వేస్తే ఇంకొకరు ఒకటి వేస్తారు. 2016 అక్టోబరు వరకు మనది వరంగల్ జిల్లా, ఆ తర్వాత మహబూబాబాద్ జిల్లా అయింది. కాబట్టి పాత పేజీలు ఒక జిల్లా పేరుతో, కొత్తవి ఇంకో జిల్లా పేరుతో ఉంటాయి. మన పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 'మొహమ్మద్'ను ఇంగ్లీషులో ఎంతమంది ఎన్ని రకాలుగా రాస్తారో బడి రిజిస్టర్లు నింపిన మాకు బాగా తెలుసు. అందుకని మీ దుకాణం పేరును జనం ఏయే విధాలుగా రాస్తారో ముందే ఒక కాగితం మీద రాసుకుని, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అన్ని విధాలుగా వెతకాలి. బోర్డు మీద ఒక పేరు ఉండి జనం నోట్లో ఇంకో పేరు ఉంటే, జనం నోట్లో ఉన్న పేరుతో మరీ ముఖ్యంగా వెతకాలి.

వాట్సాప్‌కు మనుషులే సాధనం

వాట్సాప్ సందేశాలను పంపినవారు, అందుకున్నవారు తప్ప ఇతరులు చదవడానికి వీలుండదు. వేరే గ్రూపుల్లో మన గురించి ఏమనుకుంటున్నారో చెప్పే యంత్రం లేదు. ఉందని అమ్మజూపితే అది మోసమైనా కావాలి, నేరమైనా కావాలి. ఇక్కడ మనకు మనుషులే దిక్కు.

దీనికి మన రాష్ట్రంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని పుకార్లు లేచి, అమాయకులైన బాటసారుల మీద దాడులు జరిగాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరికి ఒక కానిస్టేబుల్‌ను బాధ్యుడిగా పెట్టారు. వాళ్ళు ఊళ్ళోవారితో పరిచయం పెంచుకుని, అక్కడి వాట్సాప్ గ్రూపుల్లో అందరికీ తెలిసేలా చేరారు. పుకారు రాగానే ఇది నిజం కాదని అదే గ్రూపులో చెప్పగలిగారు. పాటగాళ్ళతో, డప్పుతో ఊరూరా ప్రచారం కూడా చేయించారు. గ్రూపులో నడిచే మాట గ్రూపులో ఉన్న మనిషికే తెలుస్తుందన్న సత్యాన్ని వాళ్ళు పనిలో పెట్టారు.

వ్యాపారస్తుడు చేయగలిగింది కూడా అదే. మీ దగ్గర ఏళ్ళ తరబడి కొనే ఐదారుగురు గిరాకీదార్లను ఎంచుకోండి. ఒక టీచరు, ఒక ఆటో డ్రైవరు, ఒక గృహిణి, ఒక కాలేజీ కుర్రవాడు, ఇలా వేరువేరు గ్రూపుల్లో తిరిగేవారైతే మంచిది. "మా దుకాణం గురించి మంచి కన్నా చెడు వస్తే ముందు నాకు చెప్పండి" అని అడగండి. వాళ్ళు చెడు మోసుకొచ్చినప్పుడు మీ ముఖం మాడ్చుకోకండి. మాడ్చుకుంటే రెండోసారి ఎవరూ చెప్పరు.

విన్నది రాసిపెట్టుకోవాలి

విన్నదంతా తలలో పెట్టుకుంటే మనసును నొప్పించిన మాట ఒక్కటే మిగులుతుంది, మిగతావి జారిపోతాయి. అందుకని ఒక నోటుబుక్కు పెట్టండి. అందులో ఐదు గడులు గీయండి. తేదీ, ఎక్కడ కనిపించింది, ఏమన్నారు, విచారిస్తే తేలిందేమిటి, మనం ఏం చేశాం. అంతే. ఉద్దెర ఖాతా రాసుకునే ఓపిక ఉన్నవారికి ఇది కష్టం కాదు.

రాసినప్పుడు ప్రతి మాటనూ నాలుగు రకాల్లో ఒకదాని కింద వేయండి. ఒకటి, ప్రశ్న: "ఆదివారం తెరిచి ఉంటుందా?" రెండు, ఫిర్యాదు: "కుట్టిన జాకెట్టు చెప్పిన రోజుకు ఇవ్వలేదు." మూడు, మెప్పు: "కొలత సరిగ్గా ఉంది." నాలుగు, అబద్ధం. ప్రశ్నకు ఆ రోజే జవాబు చెప్పాలి. ఫిర్యాదును విచారించాలి. మెప్పుకు కృతజ్ఞత చెప్పి, ఆ గుణాన్ని వదలకుండా కాపాడుకోవాలి. అబద్ధం సంగతి ముందు చెబుతాను.

నెల గడిచాక ఆ పుస్తకం తిరగేస్తే, ఒకే ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందో కనిపిస్తుంది. ఒక్కసారి వచ్చినది ఆ ఒక్కరి అనుభవం కావచ్చు. ఐదుసార్లు వచ్చిందంటే లోపం మనదే. క్లాసులో ఒక పిల్లవాడు లెక్క తప్పితే వాడికి మళ్ళీ చెబుతాం. క్లాసులో సగం మంది అదే లెక్క తప్పితే నేను చెప్పిన పద్ధతిలోనే తప్పుందని ఒప్పుకోవాలి. దుకాణమైనా అంతే.

మెప్పును కూడా కనిపెట్టి ఉండాలనడానికి ఒక సంఘటన చెబుతాను. హైదరాబాద్ మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ గురించి మీరు విని ఉంటారు. వీడియోలు ఒకదాని వెంట ఒకటి వ్యాపించి జనం విరగబడ్డారు. ట్రాఫిక్ ఆగిపోతోందని 2024 జనవరి చివరలో పోలీసులు అమ్మకం ఆపించారు. ముఖ్యమంత్రి జోక్యం చేసుకున్నాక అదే చోట మళ్ళీ నడిచింది. మంచి పేరు కూడా ఒక్కసారిగా మీద పడితే మోయడానికి ఏర్పాటు ఉండాలి. మీ గురించి ఒక వీడియో జోరుగా తిరుగుతోందని మొదటి రోజే తెలిస్తే సరుకు, మనుషులు, బండ్లు నిలిపే చోటు ముందుగా చూసుకోవచ్చు.

పోటీదారుల గురించి వినడం

మన గురించి విన్నట్టే, మన పోటీదారుల గురించి వాళ్ళ గిరాకీదార్లు ఏమంటున్నారో కూడా వినాలి. ఇది కొందరికి తప్పుగా తోచవచ్చు. అందరికీ కనిపించేలా రాసినదాన్ని చదవడంలో తప్పు లేదు. నాలుగు వీధుల కూడలిలో మాట్లాడుకుంటే వినబడినట్టే అది.

ఆ రాత్రి మేము రెండో హోటల్ మీద వచ్చిన అభిప్రాయాలు కూడా చదివాం. ఫోన్ చేసి చెబితే వెళ్ళేసరికి పార్శిల్ కట్టి ఉంచుతారని చాలామంది మెచ్చుకున్నారు. ఆడవాళ్ళతో, పిల్లలతో వెళ్తే కూర్చునే చోటు లేదని కొందరు రాశారు. మా అబ్బాయి హోటల్‌లో వెనక వైపు కుటుంబాలకు ప్రత్యేక గది ఉంది. ఆ సంగతి బోర్డు మీదా లేదు, గూగుల్‌లోనూ లేదు. ఎదుటివారి బలం నుంచి నేర్చుకోవలసినది ఒకటి, వాళ్ళు తీర్చలేని అవసరాన్ని తాను తీర్చే వీలు ఒకటి, రెండూ అరగంటలో దొరికాయి.

మీ రంగంలో ఎక్కడో జరిగినదాన్ని కూడా మీ గురించే అనుకుని చదవాలి. 2024లో తెలంగాణ ఆహార భద్రత అధికారులు హైదరాబాద్ హోటళ్ళలో వరుసగా తనిఖీలు చేసి, కనిపించిన లోపాలను ఫొటోలతో సహా ఎక్స్‌లో పెట్టారు. గడువు తీరిన సరుకు, మూతలేని డబ్బాలు, ఫ్రిజ్‌లో పచ్చిమాంసం పక్కనే వండిన కూర, ఇటువంటివి. అది చూసి ఫలానా హోటల్ పరువు పోయిందని నవ్వుకున్నవాడికి ఒరిగేదేమీ లేదు. లేచి వెళ్ళి తన ఫ్రిజ్ తెరిచి చూసుకున్నవాడు బాగుపడ్డాడు.

అయితే వినడానికీ వేగు చూడడానికీ మధ్య గీత ఉంది. మారుపేరుతో వాళ్ళ గ్రూపులో చేరడం, వాళ్ళ పనివాణ్ణి మచ్చిక చేసుకుని లోపలి లెక్కలు రాబట్టడం, వాళ్ళ మీద అబద్ధపు అభిప్రాయాలు రాయించడం, మన మీద మనమే పొగడ్తలు రాయించుకోవడం, ఇవన్నీ గీతకు అవతల ఉన్నవి. సూరా హుజురాత్‌లో వచ్చిన వార్తను విచారించుకోమన్న ఆదేశమూ, ఒకరి గుట్టు వెతకవద్దన్న ఆదేశమూ రెండూ ఉన్నాయని మన పెద్దలు చెబుతూనే ఉంటారు. ఈ విషయానికి రెండూ అక్షరాలా వర్తిస్తాయి.

ప్రభుత్వమూ ఈ దిశగా అడుగు వేసింది. ఆన్‌లైన్ అభిప్రాయాలను ఎలా సేకరించాలో, ఎలా పరిశీలించి ప్రచురించాలో చెబుతూ భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000:2022 అనే ప్రమాణాన్ని తెచ్చింది. డబ్బిచ్చి రాయించుకున్న అభిప్రాయాలను ప్రచురించరాదని అందులో ఉంది. తెచ్చినప్పుడు దీన్ని స్వచ్ఛందంగా పాటించవలసినదిగానే ఉంచారు. కానీ గిరాకీదార్లను తప్పుదోవ పట్టించే వ్యాపార పద్ధతులను 2019 వినియోగదారుల రక్షణ చట్టం అక్రమాలుగానే చూస్తుంది. గూగుల్ కూడా దొంగ అభిప్రాయాలని తేలితే తీసివేస్తుంది. మా అబ్బాయి ఆ రాత్రి అనుకున్నట్టు పది రాయించి ఉంటే, చిన్న ఊళ్ళో అది వారంలో బయటపడేది. తప్పు లేనివాడు తప్పుచేసినవాడయ్యేవాడు.

జవాబు ఎలా చెప్పాలి?

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. 2025 ఏప్రిల్‌లో రాజమండ్రి వైపు నుంచి ఆన్‌లైన్‌లో పచ్చళ్ళు అమ్మే ఒక వ్యాపారానికి జరిగినది ఈ సామెతకు ఉదాహరణ. ధర ఎక్కువగా ఉందన్న ఒక గిరాకీదారుకు బూతులతో వాయిస్ మెసేజ్ వెళ్ళింది. అతను దాన్ని బయటపెట్టాడు. ఒకటి రెండు రోజుల్లో రెండు రాష్ట్రాలూ దాన్ని విన్నాయి. పచ్చడి రుచి గురించి మాట్లాడినవారు లేరు. క్షమాపణలు చెప్పినా అప్పటికే ఆలస్యమైపోయింది. ఒక్కరికి చెబుతున్నామనుకున్న మాట ఊరందరికీ చెబుతున్నట్టే అని గుర్తుంచుకోవాలి.

అసలు జవాబే చెప్పకపోవడం కూడా అంతే ప్రమాదం. కెనడా గాయకుడు డేవ్ కారల్ గిటార్‌ను విమాన ప్రయాణంలో విరగ్గొట్టారు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ చుట్టూ దాదాపు తొమ్మిది నెలలు తిరిగినా పరిహారం ఇవ్వలేదు. 2009 జూలైలో అతను దాని మీద ఒక పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టాడు. లక్షలమంది చూశాకే కంపెనీ దిగివచ్చింది. మొదటి వారంలోనే మర్యాదగా మాట్లాడి ఉంటే ఆ పాటే పుట్టేది కాదు.

జవాబు రాసేటప్పుడు నేను మా అబ్బాయికి చెప్పిన పద్ధతి ఇది. చదివిన వెంటనే రాయవద్దు. కోపం తగ్గాక, అయితే మరునాటికల్లా రాయాలి. నాలుగు వాక్యాలు చాలు. రాసినందుకు కృతజ్ఞత, జరిగిన అసౌకర్యానికి విచారం, మనం విచారించినదీ సరిచేసినదీ, మాట్లాడడానికి ఫోన్ నంబరు. అభిప్రాయం రాసిన మనిషి ఇంటిపేరు, ఊరు, మతం, పాత బాకీ ఏవీ ఎత్తకూడదు. ఆ జవాబు రాసినవాడు ఒక్కడే చదవడు. రేపు మన దుకాణానికి రావాలా వద్దా అని ఆలోచించే ప్రతివాడూ చదువుతాడు.

అబద్ధం పుట్టినప్పుడు

ఇక అసలు భయం దగ్గరికి వద్దాం. అబద్ధం నడిచే వేగం మనందరికీ తెలిసిందే. 2016 డిసెంబరులో హైదరాబాద్‌లోని షాగౌస్ హోటల్ బిర్యానీలో కుక్కమాంసం కలుపుతున్నారనీ, యజమానిని అరెస్టు చేశారనీ వాట్సాప్‌లో ఫొటోలతో సహా వ్యాపించింది. యజమాని దాక్కోలేదు. పోలీసులకు ఫిర్యాదు చేశారు. మునిసిపల్ అధికారులు హోటల్‌కు వచ్చి మాంసం నమూనాలు తీసుకెళ్ళారు. పోలీసులు ఆ సందేశం మొదలైన చోటు వెతికి ఒక ఎంబీఏ విద్యార్థిని అరెస్టు చేశారు. స్నేహితులతో తమాషాకు మొదలుపెట్టిన పని అది. ఆ తమాషాకు ఎంతో పేరున్న హోటల్ కూడా గిరాకీ పోగొట్టుకుంది.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ రోజుల్లో ఒక పండ్ల వ్యాపారి వేళ్ళకు ఉమ్మి అంటించుకుని పండ్లు సర్దుతున్న వీడియో దేశమంతా తిరిగింది. కరోనా అంటించడానికే అన్నారు. అది మధ్యప్రదేశ్‌లోని రాయసేన్‌లో ఫిబ్రవరి 16న, లాక్‌డౌన్‌కు నెల ముందు తీసినదని తర్వాత తేలింది. ఆ తేదీ తెలిసేలోపు ఎక్కడెక్కడి పండ్ల బండ్ల వాళ్ళో అవమానాలు పడ్డారు. ఇది ఒక మతానికే పరిమితమైన కష్టం కాదు. దేశ విభజన నాడు సింధ్ నుంచి వచ్చిన హిందూ కుటుంబం 1953లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన కరాచీ బేకరీని, పేరులో కరాచీ ఉందన్న ఒక్క కారణంతో 2019లో బెంగళూరులో నిలదీశారు, బోర్డు మీద ఆ పేరును కప్పించారు. 2025 మేలో శంషాబాద్‌లోనూ గొడవ చేశారు. తమది పూర్తిగా భారతీయ సంస్థ అని యజమానులు మళ్ళీ మళ్ళీ చెప్పుకోవలసి వచ్చింది.

మన దుకాణం మీద ఇలాంటిది వస్తే ఏం చేయాలి? మొదట స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. తేదీ, వేళ, పంపినవారి నంబరు, గ్రూపు పేరు అందులో కనిపించాలి. రెండవది, ఖండించడానికి కూడా ఆ అబద్ధపు ఫొటోను మళ్ళీ పంపకూడదు. మన చేత్తోనే దాన్ని ఇంకో పది ఫోన్లకు చేర్చినట్టవుతుంది. మన మాట మన మాటగా రాయాలి. మూడవది, రుజువు చూపాలి. తినుబండారాల వ్యాపారమైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, ఆ రోజు సరుకు కొన్న బిల్లు, వంటగది వీడియో చూపవచ్చు. ఇవి ముందే సిద్ధంగా ఉన్నవాడికి భయం తక్కువ. లైసెన్సు లేనివాడికి, బిల్లు తీసుకోని వాడికి నిజం తన వైపున్నా చూపడానికి చేతిలో ఏమీ ఉండదు. నాలుగవది, ఆ గ్రూపు నడిపేవారితో మర్యాదగా మాట్లాడి మన వివరణను అదే గ్రూపులో పెట్టించాలి. ఐదవది, బెదిరింపు గానీ, మతాల మధ్య చిచ్చుపెట్టే మాట గానీ ఉంటే ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. నచ్చని మాటలన్నీ నేరాలు కావు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టివేసింది. బిర్యానీలో ఉప్పెక్కువైందని రాసినవాడి మీద కేసు పెట్టబోతే నవ్వులపాలవుతాం. అబద్ధమని తెలిసి కూడా పరువు తీసే ఆరోపణ చేస్తే దానికి పరువునష్టం చట్టం ఉంది. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. అటువంటి సందర్భంలో వకీలు సలహా తీసుకోండి.

మనం పంపేవారిగా కూడా జాగ్రత్తపడాలి. 2018 జూలైలో మన దేశంలో వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్ నుంచి ఎన్నోసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపనిస్తోంది. రెండు బాణాల గుర్తు కనిపించిందంటే అది ఎవరో తెలియని వారి నుంచి చాలా దూరం తిరిగి వచ్చిందని అర్థం. పోటీదారు మీద వచ్చిన అలాంటి సందేశాన్ని ముందుకు పంపాలని వేలు కదిలినప్పుడు, రేపు అదే సందేశంలో మన పేరు ఉంటే ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించాలి.

చివరగా

మా అబ్బాయి హోటల్ కథ ఎక్కడికి వచ్చిందో చెప్పి ముగిస్తాను. సాలన్‌కు కవరు మాని మూత ఉన్న డబ్బా పెట్టాడు. ఫోన్ ఎత్తే పని తన మేనల్లుడికి అప్పగించాడు. కుటుంబాల గది ఫొటో గూగుల్‌లో పెట్టాడు. మాంసం నిల్వదన్న ఆ అభిప్రాయం కింద మాత్రం, ఏ రోజు తిన్నారో చెప్పమనీ, తాను రోజూ ఉదయం తెచ్చిన మాంసమే వండుతాననీ, ఎప్పుడైనా వచ్చి వంటగది చూడవచ్చనీ రాశాడు. ఆ రాసినవారి నుంచి ఇంతవరకు జవాబు రాలేదు. ఎవరు రాశారో మాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలన్న పట్టుదల కూడా అతనికి పోయింది. పోయిన గిరాకీ అంతా తిరిగొచ్చిందని నేను చెప్పను. పార్శిళ్ళు మాత్రం మునుపటికన్నా ఎక్కువ పోతున్నాయని, ఆ తొమ్మిది మందిలో ఇద్దరు తమ అభిప్రాయం మార్చి రాశారని చెప్పాడు. పక్క హోటల్ యజమానితో సలాము, కుశలప్రశ్నలు మామూలుగానే సాగుతున్నాయి. అన్నిటికన్నా నాకు సంతోషం కలిగించినది అదే.

దాతలను ఒక్కటి కోరతాను. మీరు చదువుకున్నవారు, మీ ఇంట్లో పిల్లలు ఈ పనులన్నీ నిమిషాల్లో చేయగలరు. మీ వీధిలో బండి మీద పండ్లు అమ్మేవాడు, మూలమీద పంక్చర్లు వేసేవాడు, ఇంట్లో మిషను కుట్టే చెల్లెలు, వీళ్ళ గురించి కూడా ఫోన్లలో మాటలు నడుస్తుంటాయి. వాళ్ళకు చూడడం తెలియదు. మీ పిల్లల్లో ఒకరు వారానికి ఒక అరగంట వాళ్ళ పక్కన కూర్చుని, ఏమి రాశారో చదివి వినిపించి, జవాబు రాసిపెడితే చాలు. దానికి మీ జేబులోంచి పైసా ఖర్చు కాదు. అబద్ధం పుట్టిన రోజున వాళ్ళు ఒంటరిగా మూడు నెలలు తండ్లాడకుండా ఉంటారు.